ఆఖర్న పొడి

అద్దం మీద పెయింటు తుంపర పడితే గీతల్లేకుండా ఎలా తీయాలని ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడుగుతారు, నేను గొంతు సవరించుకునేలోపే ఫోను తీస్తారు. "ఇందులో ఎవరో టూత్‌పేస్టు పెట్టి రుద్దుతున్నారండి, మీరేమంటారు" అని ఆ వీడియో నాకే చూపిస్తారు. నేనేమంటాను, పళ్ళు తోముకోమంటాను.

వయసంతా కార్లకి రంగు కొట్టాను. ఆ రంగు పడకూడని చోట పడితే తీశాను. నాకు తెలిసింది ఫోనుకి తెలియదని నేననను. అందులో చెప్పేవాళ్ళలో మంచి పనివాళ్ళూ ఉన్నారు. చూసేవాడే సగంలో లేచిపోతాడు. అసలు విననివాడు కనీసం చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడతాడు, వాడితో నష్టం లేదు. సగం విన్నవాడు పనిలోకి దిగుతాడు, నా పేచీ అంతా వాడితోనే.

అంచేత తమ్ముళ్ళూ, నేను మీకు పద్ధతి బోధించబోవడం లేదు. పద్ధతి తెలిసిన షెడ్డులో, పద్ధతి తెలిసిన మనిషి బతికుండగానే, ఒక కారు ముందు అద్దం ఎలా నాశనమైందో చెబుతాను. మధ్యలో ఫోను చూసుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు.

మా షెడ్డు విజయనగరం దాటాక ఎస్.కోట వెళ్ళే రోడ్డు మీద ఉండేది. సొట్టలు తీయడం, రంగులు కొట్టడం మా పని. పెట్టినాయన మంచి పనివాడు. ఆయన పోయాక షెడ్డు కొడుకు చేతికొచ్చింది. ఈ కొడుకుగారికి సొట్ట ఏ వైపునుంచి కొడితే లేస్తుందో తెలియదు, స్ప్రే గన్ను ఏ చేత్తో పట్టుకుంటారో తెలియదు. కానీ ఓనరంటే పలికేవాడు కాదు. ప్రొప్రయిటర్ అనాలి. బోర్డు మీద షెడ్డు పేరుకంటే ఆ మాటే పెద్దక్షరాల్లో రాయించాడు. రోడ్డున పోయే చాలామంది షెడ్డు పేరే అదనుకునేవారు.

ఆయనకో జబ్బు ఉండేది. పొట్టి మాటల జబ్బు. పెద్దవాళ్ళు ఎక్కువ మాట్లాడరని ఎక్కడో చూశాడట, అప్పట్నుంచి నోట్లోంచి వాక్యం పూర్తిగా రానిచ్చేవాడు కాదు. "డోరు. తెలుపు. సాయంత్రం." అంతే, పని అప్పగించడం అయిపోయింది. తన మాటలు కోసుకుంటే నాకేం పోయింది. మన మాటలు కూడా కోసేవాడు. మనం ఇంత చెబితే దాన్ని పిండి పిప్పి చేసి అవతలివాడికి అందించేవాడు. ఒకసారి ఎర్ర కారు బానెట్టుకి ప్రైమరు ఇంకా ఆరలేదు, ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పి పంపాను. అవతలికి చేరింది "బానెట్టు, చెయ్యి" అని. అవతలివాడు వెళ్ళి నిజంగానే చెయ్యి పెట్టాడు. అయిదు వేళ్ళూ చక్కగా పడ్డాయి.

ఆ అవతలివాడు ఎవరంటే, ప్రొప్రయిటర్ గారి బామ్మర్ది. షెడ్డుకి మేనేజరు. అంతకుముందు సెల్‌ఫోన్లకి కవర్లు అమ్మే కొట్టు పెట్టి ముంచేశాడు. అక్క కన్నీళ్ళు పెట్టుకుంటే బావ తెచ్చి మా నెత్తిన పెట్టాడు. రంగులు, ఆయిలు, తుప్పు తప్ప ఇంకేమీ లేని చోటికి రోజూ తెల్ల బూట్లు వేసుకొచ్చేవాడు. వాటికి మరకంటకుండా రోజంతా కాళ్ళు ఎత్తెత్తి వెయ్యడమే అతని ఉద్యోగం. నేను చెప్పేది చెవిన పెట్టేవాడు కాదు. మేనేజరు పెయింటరు దగ్గర మాట పడితే మర్యాద పోతుందని అతని లెక్క. ఏ పనైనా బావ నోటినుంచే రావాలి. అంటే, ఎదురుగా రెండు అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి నేను ఒక మాట చెప్పాలంటే, పట్నంలో ఉన్న బావకి ఫోను చేసి చెప్పాలి. ఆయన దాన్ని పొట్టి చేసి ఇతనికి ఫోను చేస్తాడు. ఆ షెడ్డు అలా నడిచేది. ఎలా నడిచేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక కారు సంగతి. ఎస్.కోట మనిషి ఒకడు మా దగ్గరికి వచ్చేవాడు. తెల్లటి పెద్ద బండి, పాతది. కొండ మీద స్కూళ్ళలో పనిచేసే టీచర్లు కొంతమంది కలిసి అతని బండి మాట్లాడుకున్నారు. పొద్దున్న ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద పైకి తీసుకెళ్తాడు, సాయంత్రం దించుతాడు. అదే అతని బతుకు. నాకు చుట్టమేమీ కాదు గానీ మొదట్నుంచీ మావా అని పిలిచేవాడు, నేనూ అల్లుడిలాగే తిట్టేవాణ్ణి.

ఆ దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెబుతాను. శీతాకాలంలో సాయంత్రం కాగానే అక్కడ చీకటి పడిపోతుంది. పైగా మంచు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ ఉండదు. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ లైట్లు మొహాన కొడతాయి. ఆ క్షణంలో రోడ్డు అంచు ఎక్కడుందో డ్రైవరుకి కనపడాలి. ముందు అద్దం నున్నగా ఉంటే కనపడుతుంది. సన్నటి గీతలుంటే ఆ లైటు గీతగీతకీ చిట్లి అద్దమంతా తెల్లగా పరుచుకుంటుంది. అప్పుడు అంచు ఉండదు, రోడ్డు ఉండదు. వెనక టీచర్లు మాత్రం ఉంటారు.

ఆ బండి మలుపులో గేదె తగిలి పక్క డోరు సొట్టబోయిందని మా దగ్గరికొచ్చింది. సొట్ట తీసి రంగు కొట్టాను. రంగు ఆరింది, అద్దాలకి అడ్డంగా అంటించిన కాగితాలన్నీ పీకేశాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమని కబురు కూడా చేశాం. బండి ఆవరణలో నీడన ఉంది. నేను వెనక్కి వెళ్ళి కేరేజీ విప్పుకుని కూచున్నాను.

అదే సమయానికి ప్రొప్రయిటర్ గారి కొత్తింటి గేటు మా ఆవరణలోకి వచ్చింది. ఆ గేటుకి పైన బల్లేలు, మధ్యలో రెండు సింహాల మొహాలు. సింహాలు కోపంగా ఉండాలని చేయించారు గానీ, వాటి మొహాలు చూస్తే రెండింటికీ జలుబు చేసినట్టుండేది. వాటికి బంగారు రంగు వెయ్యాలి. బామ్మర్దికి ఉత్సాహం పుట్టింది. బావ ఇంటి గేటు కదా, తన చేత్తోనే కొడతానని గన్ను తీశాడు. గాలి ఎటు వీస్తుందో చూడలేదు. మధ్యాహ్నం దాటాక తూర్పునుంచి సముద్రపు గాలి లేస్తుంది. మా వైపు పిల్లలకి కూడా తెలుసు. గేటుని కారుకి తూర్పు పక్క ఆనించి, కంప్రెసరు ఆన్ చేసి, గాలిలోకి బంగారం జల్లడం మొదలుపెట్టాడు.

గన్ను చప్పుడు విని చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాను.

"ఏటి సేస్తన్నావు బాబూ?"

"కనబడ్డం నేదేటి? గేటు కొడతన్నాను."

"గేటు కొడతన్నావో, కారు కొడతన్నావో ఓపాలి తిరిగి సూడు."

తిరిగి చూశాడు. బానెట్టు మీద నా పాత దుప్పటి కప్పి ఉండబట్టి అది బతికింది. ముందు అద్దం మాత్రం ఈ చివరనుంచి ఆ చివరకి బంగారు తుంపర. నీడలో కూడా మిలమిల మెరుస్తోంది. అతను కాసేపు చూసి, "అంత ఎబ్బెట్టుగా ఏటీ నేదు మావా" అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ ఆ చేతిలో గన్ను ఇంకా ఆన్‌లో ఉంది, నా మీద కూడా కొట్టేస్తాడని వెళ్ళి ముందు కంప్రెసరు ఆపాను.

ఇక చూడండి సలహాలు. ప్రొప్రయిటర్ గారు ఫోన్లో ఒకే ముక్క అన్నారు: "థిన్నరు." థిన్నరు పోస్తే అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఉబ్బిపోతుంది, కిందకి కారితే బానెట్టు రంగు లేచిపోతుంది. బామ్మర్ది టూత్‌పేస్టన్నాడు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు కిరసనాయిలన్నారు, నిమ్మకాయన్నారు, ఒకాయనైతే బంగాళాదుంప కోసి రుద్దమన్నాడు. ఒక్కడూ నీళ్ళు అనలేదు. నీళ్ళు చవక కదా, చవక దాంట్లో తెలివి కనపడదు వీళ్ళకి.

నేను చేసింది ఇంతే. ముందు అద్దాన్ని నీళ్ళతో బాగా కడిగాను, దాని మీద రవ్వంత దుమ్ము లేకుండా. ఇది ఎందుకో వినండి, కథంతా దీని మీదే ఉంది. అద్దాన్ని గీసేది బ్లేడు కాదు. బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక రవ్వ గీస్తుంది. కడిగాక సబ్బు నీళ్ళు చల్లి, మేం బంక అని పిలిచే మెత్తటి ముద్దతో నెమ్మదిగా తోశాను. పైపైన పట్టిన తుంపర దానికే వచ్చేసింది. మొండిగా అంటుకున్న చుక్కలకి కొత్త బ్లేడు తీసుకుని, దాదాపు పడుకోబెట్టి, తడి మీద ఒకే వైపు తోశాను. వెనక్కి లాగకూడదు. తడి ఆరనివ్వకూడదు. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. తొందరపడకపోవడం ఒకటే కావాలి, మా షెడ్డులో లేనిదీ అదే.

ఎడమ సగం అయింది. వేలితో రాస్తే నున్నగా జారింది. కుడి సగం డ్రైవరు కూచునే వైపు. అదింకా నిదానంగా చెయ్యాలని మిగిల్చాను. సరిగ్గా అప్పుడు ప్రొప్రయిటర్ గారి ఫోను. పట్నంలో కల్యాణమండపం దగ్గర ఎవరో పెద్దమనిషి కారుకి గీత పడిందట. "రా. పాలిష్. ఇప్పుడే."

"ఇక్కడ సగం అద్దం మిగిలింది బాబూ" అన్నాను.

"వాడు చూస్తాడు."

వాడు అంటే తెలుసుగా. బామ్మర్ది అక్కడే నిలబడి బూటు తుడుచుకుంటున్నాడు. అతనికి నేరుగా చెబితే వినడు కాబట్టి, ఫోన్లోనే, అతనికి కూడా వినపడేలా, ఒక్కో మాట విడగొట్టి ప్రొప్రయిటర్ గారికి చెప్పాను. "తడి ఆరనివ్వకుండా చూడమనండి. బ్లేడు పడుకోబెట్టి ఒకే వైపు తొయ్యమనండి. అంతా అయ్యాక మళ్ళీ నీళ్ళతో కడిగి, ఆఖర్న పొడి గుడ్డతో అద్దం తుడిచెయ్యమనండి." విన్నారా అన్నాను. "ఊఁ" అన్నారు. బామ్మర్ది వైపు చూశాను. అతను నా మాటలు విననట్టుగా ఆకాశంలోకి చూస్తున్నాడు. మర్యాద ప్రశ్న కదా.

నేను బస్సెక్కి వెళ్ళిపోయాక బావ బామ్మర్దికి ఫోను చేశాడు. ఏమన్నాడో తర్వాత బామ్మర్దే గర్వంగా చెప్పాడు. "బ్లేడు. తడి. ఆఖర్న పొడి."

పెద్దమనిషి కారు గీత తుడిచేసి నేను తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బండి షెడ్డు రేకుల కింద ఉంది. కడిగినట్టున్నారు, తళతళలాడుతోంది. ఎస్.కోట మనిషి అప్పటికే వచ్చి అద్దం చుట్టూ తిరిగి చూసుకుంటున్నాడు. పొద్దున్న ఆ టీచర్లు వేరే బండిలో వెళ్ళారట, అందుకని తొందరమీదున్నాడు. బామ్మర్ది నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏటి మావా, సూసినావా? నీ సగంకంటే నా సగమే మెరుస్తన్నాది" అన్నాడు.

నిజంగానే మెరుస్తోంది. రేకుల కింద నీడలో ఏ అద్దమైనా మెరుస్తుంది. నాకు ఆ మెరుపే నచ్చలేదు. తాళం తీసుకుని బండి వెనక్కి తీసి, ఆవరణలో పడమర మొహంగా తిప్పి ఆపాను. వాలే సూర్యుడు నేరుగా అద్దంలోకి వచ్చాడు. ఎడమ సగంలోంచి రోడ్డు, టీ కొట్టు, మనుషులు అన్నీ కనపడుతున్నాయి. కుడి సగం పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. ఆ తెలుపంతా సున్నాలు, సున్నాల మీద సున్నాలు. ఎవరో ఓపిగ్గా గుండ్రంగా తోమితే పడే గీతలు అవి.

దిగి, "ఏం పెట్టి తుడిచావు?" అన్నాను.

"పొడి."

"పొడి గుడ్డ?"

"గుడ్డేటి? పొడి. బావ పొడన్నాడు. షెడ్డులో ఎక్కడా పొడి నేదు. అక్కకి ఫోను సేసి గిన్నెలు తోమే పొడి తెప్పించినాను. కొబ్బరిపీసు కూడా పంపింది అక్క. గంటసేపు తోమినాను మావా, సెయ్యి లాగీస్తన్నాది."

పాపం చెయ్యి లాగేస్తోందట. గిన్నెలు తోమే పొడి అంటే ఏమిటి, మాడిన అన్నం గీకడానికి రాయి నూరి కలిపిన పిండి. దాన్ని పొడిగా అద్దం మీద చల్లి, పీచు పెట్టి, గంటసేపు. రెండు మాటలు మిగుల్చుకుందామని బావ ఒక గుడ్డని కోసేస్తే, బామ్మర్ది దాని బదులు ఇంట్లోంచి వంటగది తెప్పించాడు. నేను ఈ వృత్తిలో చాలా రకాల వెధవపనులు చూశాను. ఒక మాటలోంచి ఇంత శ్రద్ధగా ఇంత నష్టం పిండుకున్నవాళ్ళని మాత్రం ఇదే చూడ్డం.

ప్రొప్రయిటర్ గారు వచ్చారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డ్రైవరు సీట్లో కూచోబెట్టాను. కళ్ళు చికిలించాడు.

"మీరేం చెప్పారు?" అన్నాను.

"పొడి."

"నేను చెప్పింది పొడి గుడ్డ."

"గుడ్డ వాడికి తెలీదా?"

"ఈ అద్దం మార్చాలి బాబూ. ఈ బండి కొండ మీద తిరిగేది."

"పాలిష్" అన్నాడు దిగుతూ. ఇంత లోతు గీతలకి పాలిష్ పడితే అద్దం అక్కడ పల్లమై, అందులోంచి చూస్తే రోడ్డు వంకర తిరుగుతుందని చెప్పాను. "పగలు బాగానే ఉంది కదా" అన్నాడు. ఇన్నాళ్ళలో అతని నోట నేను విన్న పెద్ద వాక్యాల్లో అదొకటి. అది కూడా అబద్ధానికి ఖర్చు పెట్టాడు.

అతనితో లాభం లేదని బండివాడి దగ్గరికి వెళ్ళాను. "ఈ బండి రేపు కొండెక్కించకురా. అద్దం మార్పించీవరకు ఇక్కణ్ణించి కదలకు" అన్నాను.

"అలగంటే ఎలగ మావా. ఈయాల ఆల్లు వేరే బండిలో ఎల్లీపోనారు. రేపు కూడా నాను ఎల్లకపోతే ఆ బండే ఖాయం సేసుకుంటారు. మరి నా ఇంట్లో పొయ్యి ఎలగ ఎలుగుతాది?"

"సాయంత్రం దిగొచ్చినప్పుడు ఎదురు లైటు పడితే నీకేటీ కనపడదురా. సీట్లో కూకొని సూడు ఓపాలి."

కూచున్నాడు. చూశాడు. చాలాసేపే చూశాడు. ఏమీ కనపడలేదని అతని మొహమే చెప్పింది నాకు. తర్వాత ఎండకి అడ్డుగా పైనుండే అట్టని కిందకి దించుకుని, "ఎండ మొకాన కొడితే ఏ అద్దమైనా ఇంతే కదా మావా. జాగర్తగా ఎల్తాను. ఇన్నేళ్ళనించి ఎక్కతన్న కొండే కదా" అన్నాడు. అవసరం ఉన్నవాడి కళ్ళు అలాగే ఉంటాయి, అతన్ని నేను తప్పుపట్టను. ప్రొప్రయిటర్ గారు పక్కనుంచి భుజం తట్టి, "ఆదివారం. మార్చేద్దాం" అన్నాడు. ఆ ఆదివారం సంగతి నాకు తెలుసు. ఆ షెడ్డులో నా జీతం పెంచాల్సిన ఆదివారం కూడా అదే, అది ఇంకా రాలేదు.

బండివాడు తాళం తిప్పాడు. ఇంజను స్టార్టయింది.

ఆ క్షణంలో నేను పెద్దగా ఆలోచించానని చెప్పను. రేపు సాయంత్రం మంచులో ఆ బండి మలుపు తిరగడం, ఎదురు లారీ లైటు పడ్డం, ఆ కుడి సగం తెల్లబడ్డం, ఇవి మాత్రం కళ్ళకి కట్టాయి. భయమేసింది. తర్వాత కోపమొచ్చింది. ఈ ఇద్దరి కోసం, గేటుకి జలుబు సింహాలు పెట్టించుకున్నవాడి కోసం, తెల్ల బూట్లవాడి కోసం, కొండ మీద పిల్లలకి అ ఆలు నేర్పి దిగొచ్చేవాళ్ళు లోయలో పడాలా అనిపించింది. సొట్టలు తీసే బల్ల పక్కనే ఉంది. దాని మీంచి సుత్తి తీసుకున్నాను. బండికి అడ్డంగా వెళ్ళి, కుడి సగం నడిమధ్య ఒక్కటిచ్చాను.

ముందు అద్దం పక్క అద్దాల్లా పొడై రాలిపోదు. రెండు అద్దాల మధ్య పొర ఉంటుంది, అది పట్టుకుంటుంది. దెబ్బ తగిలిన చోటునుంచి పగుళ్ళు నలువైపులా పాకి నిలబడిపోయాయి. చాలదేమోనని ఇంకోటిచ్చాను. ఇప్పుడు పగలు కూడా ఏమీ కనపడదు. బండివాడు ఇంజను ఆపేశాడు.

మొదట బామ్మర్దికి నోరొచ్చింది. "మావకి పిచ్చెక్కీసినాది బావా" అంటూ గేటు చాటుకి పోయాడు. బండివాడు దిగి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నానేటి సేసినాను మావా నీకు? నా బండినే సంపీసినావు. నా నోటికాడ కూడు తీసీసినావు."

దానికి జవాబు అంతకుముందే చెప్పాను, అతను వినదలుచుకోలేదు. చొక్కా వదిలించుకోలేదు నేను. అతనే వదిలాడు.

ఇక ప్రొప్రయిటర్ గారు. తమ్ముళ్ళూ, ఆ రోజు ఆయన నోటినుంచి కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్న వాక్యాలు విన్నాను. నా వంశం గురించి, నా తిండి గురించి, వాళ్ళ నాన్న నన్ను చేరదీసిన పొరపాటు గురించి, ఊపిరి తిరగకుండా, ఎక్కడా ఒక్క మాట కూడా మిగల్చకుండా మాట్లాడాడు. ఇంత భాష లోపల పెట్టుకుని ఇన్నాళ్ళూ ఒక గుడ్డ దగ్గర పిసినారితనం చేశాడా అనిపించింది. చివర్లో, రేపట్నుంచి నువ్వు ఈ గేటులోంచి లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు. చాలా స్పష్టంగా ఉంది, మళ్ళీ అడగాల్సిన పని పడలేదు. సుత్తిని బల్ల మీద దాని చోట పెట్టి, కేరేజీ తీసుకుని వచ్చేశాను. నేను రిటైరయ్యానని జనం అంటూంటారు. నేను కాదనను, అదీ ఒక పద్ధతే.

అద్దం మార్చారు. మార్చక చస్తారా. గీతలైతే ఎండ వల్ల అనొచ్చు, కళ్ళు సరిలేవనొచ్చు, ఆదివారం అనొచ్చు. పగిలిన అద్దాన్ని ఏమంటారు? పగలగొట్టింది షెడ్డు మనిషి, చూసింది టీ కొట్టు దగ్గరున్న జనమంతా. బండివాడు అద్దం వచ్చేదాకా కదలనని ఆ ఆవరణలోనే కూచున్నాడు. అప్పుడు కూచున్నాడు చూడండి, అది నాకు నచ్చింది. కొత్త అద్దం తెప్పించి వేసేసరికి కొన్ని రోజులు పట్టింది. ఈలోగా టీచర్లలో కొందరు ఆ వేరే బండికే స్థిరపడిపోయారు. మిగిలినవాళ్ళు తిరిగొచ్చారు. అతనికి నష్టం జరిగింది, జరగలేదని నేననను. ఆ నోటికాడి కూడు మాట తలుచుకుంటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ప్రొప్రయిటర్ గారు మాత్రం మొహం మాడ్చుకున్నది ఆ నాలుగు రోజులే. తర్వాత ఆయనకి ఒక తెలివి తట్టింది. తమ షెడ్డులో అద్దం మీద చిన్న గీత పడ్డా సరే, మారు మాట్లాడకుండా కొత్త అద్దం వేసిస్తారని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఉదాహరణకి ఎస్.కోట బండినే చూపిస్తాడు. ఆ బండివాడు కూడా తన టీచర్లకి ఇదే చెబుతాడట. షెడ్డు బాబు ధర్మాత్ముడు, పిచ్చి ముసలాడొకడు సుత్తితో అద్దం పగలగొడితే ఎదురు మాట లేకుండా కొత్తది వేయించి ఇచ్చాడు, అని. బామ్మర్ది ఇప్పటికీ మేనేజరే. గేటు సింహాలు కూడా కులాసా. అన్యాయం జరిగితే ఎవడో ఒకడు పాడైపోతాడని మీరు ఎదురుచూస్తున్నట్టుంటే, వేరే వాళ్ళ జ్ఞాపకాలు చదువుకోండి.

నేనిప్పుడు ఎస్.కోటలోనే ఉంటున్నాను. సాయంత్రంపూట రోడ్డు మీద కాసేపు నడుస్తాను. మొన్న పొద్దు గూకాక అలాగే నడుస్తున్నాను. వెనకనుంచి కొండవైపు పోయే లారీ ఒకటి లైట్లు వేసుకుని వస్తోంది, ఎదురుగా ఆ తెల్ల బండి దిగుతోంది. లారీ లైట్లు పూర్తిగా దాని అద్దం మీద పడ్డాయి. నేను రోడ్డు దిగి, తుప్పల పక్కన, వెలుతురు లేని చోట ఆగాను. అప్పుడు చూశాడు బండివాడు నన్ను. ఆ లైట్లకి ఎదురుగా, అంత దూరంనుంచి, చీకట్లో నిలబడ్డ ఒక ముసలాణ్ణి చూసి, ఎవరో పోల్చుకుని, కావాలని మొహం పక్కకి తిప్పేసుకుని బండి పోనిచ్చాడు. వెనక టీచర్లు ఏదో మాట్లాడుకుంటున్నారు.

తిప్పుకోనీ. కనపడ్డాను కదా.